చెరువు ఎండితే తుంగ గడ్డలు

మా ఊరు కడప జిల్లాలో, బద్వేలు నుంచి పోరుమామిళ్ల పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. ఏరు దూరం. మా చిన్నప్పుడు కాలవ నీళ్లు కూడా లేవు. ఉన్నదల్లా ఊరికి పడమటి పక్కన ఒక చెరువు. అది నిండితే వరిమడి, నిండకపోతే మెట్టపైరు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్లు పడితేనే మాకు నీళ్లు. సంక్రాంతికి మరవ, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు, పారడం ఆగిపోయేది, శివరాత్రికి నీళ్లు కట్ట దగ్గరికి జరిగేవి, ఉగాది వచ్చేసరికి చెరువు ఎగువ తట్టంతా నెర్రెలు. పెద్దవాళ్లు ఆ నెర్రెలు చూసి దిగులు పడే రోజుల్లోనే మేము పిల్లలం తొలికలు, విరిగిన పారలు ఎత్తుకుని చెరువులోకి దిగేవాళ్లం. తుంగ గడ్డల కోసం.

తుంగ అంటే చాలామందికి పొలం గట్ల మీద మొలిచే చిన్న గడ్డి గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు, చెరువు తుంగ. మనిషంత ఎత్తు లేస్తుంది, ఒక్కోచోట ఇంకా పైకే. కాడ గుండ్రంగా ఉండదు, మూడు అంచులుంటాయి. కళ్లు మూసుకుని రెండు వేళ్ల మధ్య తిప్పినా ఇది తుంగా, జమ్మా అని తెలిసిపోతుంది. కణుపులుండవు. కోస్తే లోపల తెల్లగా, మెత్తగా బెండు. కొనకు గోధుమ రంగు పూల గుత్తి, దాని కింద నుంచి పొడుగాటి ఆకులు మూడు, మూడు దిక్కులకు వాలి ఉంటాయి. నీళ్లు మోకాలి లోతుకు మించని చోట గుంపుగా పెరుగుతుంది. వానలప్పుడు ఆ గుంపుల్లో నీటికోళ్లు గుడ్లు పెట్టేవి.

ఆ కాడతో మాకొక ఆట ఉండేది. మూరెడు ముక్క కోసి, ఈ కొన నేను, ఆ కొన ఇంకొకడు పట్టుకుని, ఒకరు నిలువుగా, ఒకరు అడ్డంగా చీల్చుకుంటూ వచ్చేవాళ్లం. చీలికలు రెండూ మధ్యలో కలిసి విచ్చుకుంటే నాలుగు పక్కల చట్రం ఏర్పడుతుంది. దాన్ని మంచం అనేవాళ్లం. మంచం సరిగ్గా వస్తే ఇద్దరికీ స్నేహం కుదిరినట్టు, తెగిపోతే ఆ రోజంతా పచ్చి. ఆడపిల్లలు ఆ కాడలతోనే బొమ్మల పెళ్లికి చిన్న చిన్న చాపలు అల్లేవాళ్లు. తమలపాకు తోటల వాళ్లు వచ్చి ఎండిన తుంగను మోపులు కట్టి తీసుకుపోయేవాళ్లు, అవిసె చెట్లకు తీగలు కట్టడానికి. తాడైతే లేత తీగను కోసేస్తుంది, తుంగ కోయదు.

కానీ అసలు సంగతి భూమి లోపల ఉంది. నీళ్లున్నన్నాళ్లూ తుంగ బురదలో పక్కలకు సన్నటి వేరుతీగలు పంపిస్తుంది. నీళ్లు తగ్గే కాలానికి ఆ తీగల కొసన గడ్డలు ఊరతాయి. పైన కాడ ఎండి వాలిపోయినా కింద గడ్డ మాత్రం చావదు, మళ్లీ వాన పడేదాకా తనకు కావలసిన పిండి అంతా దాచుకుని కూర్చుంటుంది. ఏడాదిలో సగం నీళ్లు, సగం ఎండ ఉండే మా చెరువులాంటి చోట బతకడానికి అది చేసుకున్న ఏర్పాటు. ఆ పిండి కోసమే మేమూ, అడవి పందులూ పోటీ పడేవాళ్లం.

తవ్వడం చూసినంత సులభం కాదు. మొక్కను పట్టుకుని లాగితే వేరుతీగ తెగి చేతికి వచ్చేస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. పైన జానెడు మందాన మట్టి ఎండి పెళ్లలు పెళ్లలుగా ఉంటుంది, దాన్ని పారతో లేపాలి. దాని కింద నల్లటి తడి బురద. అక్కడి నుంచి పార పనికిరాదు, గడ్డకు తగిలితే రెండు ముక్కలవుతుంది. తొలికతో కొంచెం కొంచెం గీరి, తీగ కనబడగానే చెయ్యి లోపలికి పెట్టి దాని వెంబడే పోవాలి. వేళ్లకు గట్టిగా, గుండ్రంగా తగిలినప్పుడు కలిగే ఆ సంతోషం ఇప్పటికీ నా చేతివేళ్లలో ఉంది. రాయి కావచ్చు, నత్తగుల్ల కావచ్చు, అయినా గడ్డే అని మనసుకు ముందే తెలిసిపోయేది. ఉసిరికాయంత ఉండేవి, కొన్ని ఇంకా చిన్నవి. పైన నల్లటి తోలు, దానికి పీచు.

ఈ విద్య మాకు నేర్పింది యానాది అవ్వ. చెరువు కట్ట కింద వాళ్ల గుడిసెలు నాలుగైదు ఉండేవి. ఆమె మాకంటే ముందే, పొద్దు పొడవకముందే చెరువులో ఉండేది. మేము పచ్చగా ఏపుగా ఉన్న తుంగ దగ్గర తవ్వుతుంటే చూసి, "ఒరే నాయనా, పచ్చగా ఉండేదాని కింద ఏముంటాది, నీళ్లు తప్ప? కాడ యాడ పండిపోయిందో ఆడ చూడండి" అని చెప్పింది. పందులు రాత్రి కెళ్లగించిన చోటు పక్కనే తవ్వమనేది. పంది ముక్కు తప్పు చెప్పదని ఆమె నమ్మకం. ఆమె బుట్టలో పెద్ద గడ్డలే ఉండేవి. గోటికంత గడ్డలు దొరికితే మళ్లీ గుంతలోనే వేసి బురద కప్పేసేది. "ఇవి చెరువుకు. వానొస్తే మొలుస్తాయి" అనేది.

మేము గంట తవ్వి, ఆడుకుని, మరో గంట తిని ఇళ్లకు పోయేవాళ్లం. ఇంట్లో సంగటి ముద్ద, ఊరిబిండి ఎదురుచూస్తూ ఉండేవి. ఆ అవ్వ బుట్ట నిండేదాకా లేచేది కాదు. ఎందుకంటే ఆ పూట వాళ్లింట్లో పొయ్యి మీదికెక్కేది ఆ గడ్డలే. కొన్నిసార్లు మా వీధిలోకి తెచ్చి గింజలకు మార్చుకునేది, జొన్నలకో, కొర్రలకో. మాకు ఆటవస్తువైనది ఆమెకు అన్నం అని చిన్నప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ చెరువు తలచుకుంటే మొదట గుర్తొచ్చేది ఆమే, వంగిన నడుము, మోచేతుల దాకా బురద.

తినడం గురించి చెప్పాలి, ఎందుకంటే ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా నోట్లో నీళ్లూరతాయి. మరవ గుండంలో మిగిలిన నీళ్లలో కడిగి, పళ్లతోనే తోలు గీకి పచ్చిగా తినేవాళ్లం. లోపల తెల్లగా ఉంటుంది. కొరికితే కరకరమంటుంది, లేత కొబ్బరిలాగా నీరు, తీపి కలిసి వస్తాయి, చివర్లో కొంచెం బురద వాసన. ఆ బురద వాసన లేకపోతే అది చెరువు గడ్డ కాదు. ఇంటికి తెచ్చినవి అమ్మ ఉప్పేసి ఉడకబెట్టేది. ఉడికితే కరకర పోయి పిండి పిండిగా అవుతాయి, తీపి పెరుగుతుంది. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టం, జేజి, అంటే మా నాయనమ్మ, పొయ్యిలోని బూడిదలో కప్పెట్టి కాల్చినవి. సంగటి వండడం అయిపోయాక కట్టెలు లాగేసి, నిప్పుల మీద బూడిద కప్పి, అందులో గడ్డలు పడేసేది. తోలు పేలి వాసన వచ్చేది. వేడి వేడి గడ్డను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసుకుంటూ ఊదుకుంటూ తినేవాళ్లం, పక్కన ఒక బెల్లం ముక్క.

మాతో పాటు తింటూనే జేజి కరువు మాటలు చెప్పేది. ఆమెకు వాళ్ల జేజి చెప్పిన మాటలు అవి. ధాత కరువు అని రాయలసీమలో ఇప్పటికీ పెద్దవాళ్ల నోట వినపడే కరువు 1876 నుంచి 1878 దాకా వచ్చినది. బ్రిటిషు వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికి ఇంకా బళ్లారిలో భాగమే, 1882లో విడిపోయింది. ఆ కరువులో చెరువు గడ్డలు తవ్వి, ఎండబెట్టి, రోట్లో దంచి, ఆ పిండిని గుప్పెడు నూకల్లో కలిపి అంబలి కాచుకున్నారట. జేజి తాను స్వయంగా చూసింది 1952 నాటి కరువు. సీమలో గంజి కేంద్రాలు పెట్టిన కాలం. పెళ్లయి మా ఊరికి వచ్చిన కొత్తలో ఆమె కూడా గిన్నె పట్టుకుని వరుసలో నిలబడింది. "గంజికి పోవాలంటే సిగ్గయ్యేది నాయనా. చెరువులోకి పోవాలంటే సిగ్గు లేదు. అది మన చెరువు" అనేది.

ఆమె చెప్పిన ఇంకో మాట కూడా నాకు బాగా గుర్తుంది. తుంగ మొదటి ఏడాది కరువుకే ఆదుకుంటుంది. ముందటేడు చెరువు నిండి ఉంటే గడ్డలుంటాయి. వరసగా రెండో ఏడు కూడా వాన ఎగ్గొడితే నేల రాయైపోతుంది, ఉన్నవి పందులు, మనుషులు తవ్వేసి ఉంటారు, కొత్తవి ఊరవు. అప్పుడిక ఊరు వదిలి పోవడమే. మా వీధిలో కొన్ని ఇళ్లు అట్లా ఖాళీ అయినవే.

మా నాయనకు మాత్రం తుంగ పేరెత్తితే కోపం. ఆయనకు తెలిసిన తుంగ ఇంకోటి, మడిలో వచ్చే కలుపు. చిన్న మొక్క, ఎర్రటి నల్లటి చిన్న గడ్డలు, ఒకదానికొకటి తీగతో కట్టినట్టు గొలుసుగా ఉంటాయి. నాగలి పెట్టి దున్నితే గొలుసు తెగి, తెగిన ప్రతి గడ్డా ఒక మొక్కవుతుంది. పీకితే పైది వస్తుంది, కిందది నవ్వుతూ ఉంటుంది అనేవాడు నాయన. ప్రపంచంలోనే అతి మొండి కలుపు మొక్కల్లో దాన్ని మొదట లెక్కపెడతారని తర్వాత వ్యవసాయం చదువుకున్న మా బావ చెప్పాడు. నాయన కోపంలో న్యాయం ఉంది.

అయితే ఆ చిన్న తుంగ గడ్డే జేజి డబ్బాలో మందు. అవే తుంగముస్తెలు. కొరికితే చేదు, వగరు, కానీ మంచి వాసన. విరేచనాలు పట్టుకుంటే దంచి మజ్జిగలో ఇచ్చేది, జ్వరమొస్తే శొంఠితో కలిపి కషాయం. దప్పికతో కూడిన జ్వరానికి ఆయుర్వేదంలో చెప్పే షడంగ పానీయంలో వట్టివేరు, చందనం, శొంఠితో పాటు ముస్తెలు కూడా ఉంటాయి. పండగ తలస్నానానికి సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు ఇవీ పడేవి. మా అక్క తలకు పోసుకుని వస్తే ఇల్లంతా ఆ వాసన. చెరువు తుంగ కడుపు నింపితే, గట్టు తుంగ కడుపు బాగు చేసేది. రెండూ ఒకే కుటుంబం, సైపరేసి అంటారు. చెరువు తుంగకు వృక్షశాస్త్రంలో ఆక్టినోస్కిర్పస్ గ్రాసస్ అని పేరు. మన దేశం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా వెచ్చటి దేశాల చిత్తడి నేలల్లో ఉంటుంది. మలేషియా, ఇండోనేషియాల్లో దాని కాడలతో చాపలు, సంచులు అల్లుతారు. ఇప్పుడు పట్నాల్లో చైనా వంటల్లో డబ్బాలోంచి తీసి వేసే తెల్లటి వాటర్ చెస్ట్‌నట్ కూడా దీని చుట్టమే, ఇంకో జాతి తుంగ గడ్డ. మొదటిసారి హోటల్లో అది తిన్నప్పుడు ఆ కరకర వినగానే పక్కవాళ్లకు మా చెరువు గురించి చెప్పడం మొదలుపెట్టాను.

అసలు ఆశ్చర్యం కాశీలో జరిగింది. కొన్నేళ్ల కిందట అమ్మను తీసుకుని పోయాను, చలి తగ్గుతున్న రోజులు. గంగ ఒడ్డు నుంచి వెనక్కి వస్తుంటే సందులో ఒకామె నేల మీద బుట్ట పెట్టుకుని నల్లటి గడ్డలు అమ్ముతోంది. కొన్ని తోలు తీసి నీళ్లలో వేసింది, తెల్లగా మెరుస్తున్నాయి. నేను చూడకుండానే పోయేవాణ్ణి. అమ్మ ఆగిపోయింది. "ఒరేయ్, ఇవి మన చెరువు గడ్డలు కదరా!" అంది. అడిగితే అమ్మేటామె కసేరు అని చెప్పింది. అమ్మకు హిందీ రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా ఇద్దరూ ఒకరి చేతిలో ఒకరు గడ్డలు పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. అమ్మ చేత్తో తవ్వినట్టు చూపించింది, ఆమె తలూపింది. మా ఊళ్లో లేనివాళ్ల తిండిగా మిగిలిపోయిన గడ్డ అక్కడ బజారులో తూకానికి అమ్ముడుపోతోంది. కొని గదికి తెచ్చుకున్నాం. అమ్మ ఒకటి కొరికి, "తీపి ఉంది కానీ మన బురద వాసన లేదు" అంది.

మా ఊరి చెరువులో తుంగ ఎక్కడ పెరిగేదో చెప్పాలంటే పోరుమామిళ్ల చెరువు కట్ట మీది శాసనం సంగతి చెప్పాలి. హైస్కూల్లో ఉండగా మా తెలుగు సారు మమ్మల్ని బస్సెక్కించి తీసుకుపోయి చూపించారు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఉదయగిరి నుంచి పాలిస్తూ 1369లో ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని భైరవుడి గుడి దగ్గరున్న రాళ్ల మీద సంస్కృతంలో చెక్కించారు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట నీళ్లు ఊరడం ఒక దోషం, చవిటి నేల ఒక దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒక దోషం. చెరువు కడుపు మధ్యలో మిట్ట ఉండటం కూడా దోషమే.

ఆ చివరిది విని మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా చెరువు మధ్యలో మిట్ట ఉంది! తుంగ పెరిగేది సరిగ్గా ఆ మిట్ట చుట్టూనే. నీళ్లు పట్టే లెక్కలో అది దోషమే, సందేహం లేదు. మా చెరువు పెద్ద ఊళ్ల చెరువులంత నీళ్లు ఎప్పుడూ పట్టలేదు. కానీ లోతు లేని ఆ పల్చటి నీళ్లలోనే తుంగ, అల్లి, జమ్ము, నత్తలు, కొంగలు, పందులు, యానాది అవ్వ బుట్ట. సారుకు ఆ మాట చెబితే నవ్వలేదు. "మిట్ట చుట్టూ ఏమేం ఉన్నాయో రాసుకుని రా" అన్నారు. రాశాను. ఆ కాగితం ఇప్పుడు లేదు కానీ, రాయడం కోసం చూసినవన్నీ గుర్తున్నాయి.

ఆ మిట్ట ఇప్పుడు లేదు. పూడిక తీస్తామని వచ్చిన జేసీబీలు మొదట దాన్నే ఎత్తుకుపోయాయి. తవ్వడానికి సులువు, ట్రాక్టర్లు దగ్గరికి వస్తాయి, మట్టి ఇటుక బట్టీలకు పనికొస్తుంది. కట్ట దగ్గర లోతులో నిజంగా పేరుకున్న పూడిక అట్లాగే ఉంది. మిట్ట ఉన్నచోట ఇప్పుడు నిలువు గోడల్లాంటి గుంతలు. వాన పడితే ఒక్కసారిగా నిలువెత్తు లోతు. అందులో తుంగ మొలవదు, పిల్లల్ని దింపాలంటే భయం. ఎగువ తట్టున ఇంకా తవ్వని చోట సర్కారు కంప కమ్మేసింది. యానాది గుడిసెల వాళ్లు ఎప్పుడో బద్వేలు వైపు కూలిపనులకు పోయారు. అవ్వ లేదు.

తుంగ పూర్తిగా పోలేదు. మా చిన్నాయన పొలం తూము కాలవ కింద ఉంది. అక్కడ ఊట నీళ్లు నిలిచే మూల ఒక గుంపు మిగిలింది. పోయిన శివరాత్రికి ఊరికి పోయినప్పుడు ఆయనే చూపించాడు. మా పిల్లలతో కలిసి తవ్వాం. నా కూతురు బురదలో చెయ్యి పెట్టడానికి మొదట వెనకాడింది, ఒక గడ్డ తగిలాక ఇంక బయటికి రానంది. అయితే పచ్చిగా తిననివ్వలేదు. ఊరి మురుగు ఇప్పుడు అటువైపే వస్తోంది. తుంగకు మురుగునీటిలో ఉన్న చాలావాటిని పీల్చుకునే గుణం ఉంది, సీసం లాంటి లోహాలు కూడా. కొన్ని దేశాల్లో మురుగునీటిని శుద్ధి చేసే మడుగుల్లో దీన్ని కావాలని పెంచి చూస్తున్నారు. కాబట్టి ఎవరైనా ఇది చదివి తవ్వాలనుకుంటే, ఊరి మురుగు, పొలం మందులు కలవని నీళ్లలోదే తవ్వండి, బాగా కడిగి ఉడికించే తినండి. మురుగు చేరిన మూలలోదైతే తినకపోవడమే మంచిది. మేమూ ఆ రోజు తవ్విన గడ్డల్ని కడిగి, తడిగుడ్డలో చుట్టి, విత్తనానికి దాచాం.

అదే రోజు సాయంత్రం చిన్నాయన, నేను పంచాయతీ వాళ్లతోనూ, చెరువు ఆయకట్టు రైతులతోనూ కూర్చున్నాం. మళ్లీ పూడికతీత ఉంటుందంటున్నారు. మేము అడిగింది రెండే. మట్టి కట్ట దగ్గర, లోతున్న చోట తియ్యండి. ఎగువ తట్టున ఒక రెండెకరాలు నేలను వాలుగా సరిచేసి వదిలెయ్యండి, అక్కడ జేసీబీ దించొద్దు. ఒకాయన, "గడ్డి కోసం రెండెకరాల మట్టి వదులుకోవాల్నా?" అన్నాడు. చిన్నాయన సమాధానం చెప్పేలోపే వెనక కూర్చున్న ఒక ముసలాయన, "గడ్డి కాదప్పా, మా యమ్మ దాన్ని తినే నన్ను సాకింది" అన్నాడు. కాసేపు వాదన నడిచింది. చివరికి ఎకరం దగ్గర ఒప్పుకున్నారు. చుట్టూ రాళ్లు పాతే పని చిన్నాయన తీసుకున్నాడు. తొలి తుపాను పడగానే దాచిన గడ్డలు అక్కడ నాటాలి.